తక్‌పట్టీ వెనుక

అట్టపెట్టె మూత తీయంగనే తుమ్ము వచ్చింది.
వంటింట్ల అనసూర్య గూడ తుమ్మింది.
"ఏం తెరిచినవయ్యా, మల్ల యార్డు తెరిచినవా?"

పందొమ్మిదేండ్లు
ఎనుమాముల మార్కెట్ల కాంటా కాడ నిలబడి
దడ్వాయి కొలువు జేసినోన్ని.
బస్తాకూ బస్తాకూ నడుమ దొరికిన ఊపిరిల
పాడైన తక్‌పట్టీల వెనుక
గీకి గీకి దాచుకున్న కాగితాలివి.
నవల రాస్తనని
కాశిబుగ్గ చాయ్ దుకాణంల నలుగురికి జెప్పిన గూడ.
అండ్ల ఇద్దరు ఇప్పుడు లేరు.
మిగిలిన ఇద్దరు అడుగుడు మానేసిండ్రు.

చాప పరిచి కుప్పలు వోస్తున్న.
తేజ ఒక దిక్కు, వండర్‌హాట్ ఒక దిక్కు,
తాలు వేరే.
చేతికి పాత పనే. మనసే తడబడుతున్నది.

ఒక చీటీల ఓదెమ్మకు,
రాలిన కాయలు ఊడ్చుకొని బతికే మనిషికి,
ముక్కుల చీపురుపుల్ల ఉన్నది.
ఇంకో చీటీల అదే ముక్కుకు ఎర్రరాయి పుడక.
మూడో చీటీల పేరే మారింది, సచ్చిన మొగడు లేచి వచ్చిండు.
ఒకదాని మీద "ఇక్కడ ఏడ్వాలె" అని ఉన్నది.
ఎవరు? రాయలే.
ఒకదాని మీద ఫోన్ నంబరు, ఆరంకెలే.
ఒకదాని మీద లావు అక్షరాలతోని, కింద రెండు గీతలు గొట్టి:
"ఇది మాత్రం మర్చిపోవద్దు."
అంతే.
గంటసేపు దాన్నే చూసుకుంట కూసున్న.

అడ్తి సేటు క్వింటాలుకు ఇంత తరుగని కోసినట్టు
నేను గూడ కోసుడు మొదలువెట్టిన.
వాన మీద వర్ణనలు పోయినయి.
రైలు పట్టాల మీది వెన్నెల పోయింది,
కాజీపేట దాకా నడిచిపోయి చూసి రాసిందే అయినా.
ప్రేమ చీటీలు పదకొండు. తేమ ఎక్కువున్నది.
వాపస్.

పొద్దుమీకేసరికి చాప మీద
బుట్టెడు తాలు మిగిలింది.
దీనితోని నవల అయితదా?
పచ్చడి గూడ కాదు.

కరెంటు పోయింది.
ఒక చీటీని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తుంటే
అవతలి నుంచి అంకెలు తేలినయి.
తిప్పిన.
ఇన్నేండ్లల్ల మొదటిసారి
నేను రాసుకున్న దిక్కు గాదు, నింపిన దిక్కు చూసిన.

గుగులోతు హర్జ్య. నెక్కొండ అవతలి తండా.
బస్తాలు ఏడు. తరుగు పద్నాలుగు కిలోలు.
హమాలి, చాట, దడ్వాయి. కటింగులు.
కింద వేలిముద్ర.
నీలి సిరా అంచుకు ఎర్రగ కారం.

ఇది పాడైన పట్టీ గాదు.
రైతు చేతికి పోవాల్సిన అసలు పట్టీ.

ఆ పొద్దు ఏదో మంచి వాక్యం తట్టింది.
చేతికందిన కాగితం మీద రాసి జేబుల వెట్టుకున్న.
హర్జ్య మూడుసార్లు వచ్చిండు.
పట్టీ లేనిది పైసలెట్లిస్తమని సేటు.
మూడోసారి పదేండ్ల బిడ్డను వెంట తెచ్చిండు, సాక్ష్యానికి.
ఆ పిల్ల నా దిక్కే వేలు చూపింది.
నేను కాంటా ముల్లు దిక్కు చూసిన.
"నాకు తెల్వదు" అన్న.
అప్పుడు నిజంగనే తెల్వదు.
(ఈ మాట రాసి, కొట్టేసి, మల్ల రాసిన.)

వెనుకకు తిప్పి ఆ మంచి వాక్యం చదివిన.
"మిరప కుప్పల మీద పొద్దు గూకుతుంటే రెండు ఎరుపులు..."
ఆడికే ఆగింది.
అంత మంచిది గూడ గాదు.

అనసూర్య కందిలి తెచ్చి పక్కన వెట్టింది.
"కండ్లేంది గట్లైనయి?"
"కారం."

కొత్త నోటుబుక్కు తెరిచి
"బస్తాలు ఏడు" అని రాసిన.
తరుగు తీయలే.
ఓదెమ్మ ముక్కుకు పుల్లనో పుడకనో
రేపు పొద్దున పోయి ఆమెనే అడగాలె,
ఉంటే.